పాట ఇవ్వకపోయినా సరే, జవాబివ్వండి: పాత పాటల హక్కుదారులకు బహిరంగ లేఖ

పాత తెలుగు పాటల హక్కులు చేతిలో ఉన్న మ్యూజిక్ కంపెనీల యాజమాన్యాలకు, గాయకుల, సంగీత దర్శకుల కుటుంబ సభ్యులకు, సినిమా రంగ పెద్దలకు, కాపీరైట్ వ్యవహారాలు చూసే అధికారులకు,

నమస్కారం.

నేను విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. సాయంత్రాలు విద్యార్థులతో కలిసి ఫిలిం క్లబ్ నడుపుతాను. మా సినిమాలో పాట వాడుకోవడానికి అనుమతి కోరుతూ మీలో ఒక కంపెనీకి మేం ఉత్తరాలు రాశాం, మెయిల్స్ పెట్టాం, ఫోన్లు చేశాం. జవాబు రాలేదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఏ గాయకుడి గురించి అడిగామో కూడా చెప్పను, ఎందుకంటే ఆ పేరు చెబితే కంపెనీ ఎవరో మన జనానికి ఇట్టే తెలిసిపోతుంది. వేరే ఊళ్లలో ఇలాంటి క్లబ్బులు నడిపే మిత్రులదీ ఇదే గోడు కాబట్టి ఉత్తరం అందరికీ కలిపి రాస్తున్నాను.

జరిగిందిదీ. మా విద్యార్థులు పాత తరం గాయకుడొకరి మీద 12 నిమిషాల సినిమా తీశారు. అందులో మనుషులు ఉండరు. పాత్రలన్నీ కొండపల్లి బొమ్మలే. గాయకుడు, ఆయన భార్య, హార్మోనియం వాయించే మిత్రుడు, రికార్డింగ్ గదిలో ఇంజినీరు, అందరూ తెల్ల పొణికి కర్రతో చేసినవాళ్లే. వయసు మీద పడి గొంతు తగ్గుతున్నకొద్దీ గాయకుడి బొమ్మ మీద రంగు కొంచెం కొంచెంగా గీకేస్తూ పోయారు. బొమ్మలు చేసిచ్చిన పెద్దాయన మొదట "రంగు నిలబెట్టడానికి మేం చస్తుంటే మీరు గీకేస్తారా" అని కసిరి, తర్వాత తనే దగ్గర కూర్చుని పెచ్చులు లేవకుండా ఎలా గీకాలో చూపించారు. ఈ సినిమాకు మేం అడిగింది రెండు పాటల్లోంచి 40 సెకన్లు.

ఒక ఏజెంటు ఫోన్లో రేటు చెప్పాడు. అది మా సినిమా మొత్తం ఖర్చుకు ఎన్నో రెట్లు. విద్యార్థుల సినిమా, టికెట్ లేదు, తగ్గించండి అని అడిగితే "పైన అడిగి చెప్తా" అన్నాడు. ఇంకా పైన అడుగుతూనే ఉన్నాడేమో తెలీదు. పోటీల గడువు దాటిపోతుంటే మా క్లబ్బులో ఒకమ్మాయి చేత ఆ బాణీ హమ్మింగ్ చేయించి పెట్టాం. ఆన్‌లైన్‌లో ఉంచగానే దాని మీద కూడా కాపీరైట్ క్లెయిమ్ పడింది. తీసేశాం. ఇప్పుడు ఆ గాయకుడి మీద సినిమా ఉంది, అందులో పాట లేదు.

ఈ చిక్కు మాతో మొదలైంది కాదు. అమెరికాలో టాడ్ హేన్స్ అనే దర్శకుడు ఉన్నాడు. సంగీతకారుల చుట్టూ ఆయన తీసిన సినిమాల్లో మూడింటి చరిత్ర చూస్తే, హక్కుదారులు ఏం చేస్తే ఏం జరుగుతుందో తెలుస్తుంది. దయచేసి కొంచెం ఓపిగ్గా చదవండి.

మొదటిది 'సూపర్‌స్టార్'. కారెన్ కార్పెంటర్ కథ. అన్న రిచర్డ్‌తో కలిసి 'కార్పెంటర్స్' పేరుతో 1970ల్లో ప్రపంచమంతా విన్న గొంతు ఆమెది. సన్నబడాలన్న ఆరాటం ముదిరి అనొరెక్సియా జబ్బుగా మారింది. గుండె దెబ్బతిని 1983 ఫిబ్రవరి 4న, 32 ఏళ్లకే పోయింది. హేన్స్ ఇంకా చదువుకుంటున్న రోజుల్లోనే, 1987లో, ఆమె మీద 43 నిమిషాల సినిమా తీశాడు. నటుల బదులు బార్బీ బొమ్మలు పెట్టాడు. కారెన్ చిక్కిపోతున్నకొద్దీ బొమ్మ ముఖాన్ని, చేతుల్ని కత్తితో చెక్కుతూ పోయాడు. మధ్యమధ్య అమెరికా అధ్యక్షుడు నిక్సన్ కాలపు టీవీ దృశ్యాలు, ఆ జబ్బు ఏమిటో వివరించే అక్షరాలు వస్తాయి. చెబితే వెక్కిరింతలా ఉంటుంది. చూసిన విమర్శకుల్లో చాలామంది మాత్రం అది ఆమె మీద సానుభూతితో తీసిన సినిమా అనే రాశారు. మా పిల్లలకు రంగు గీకే ఆలోచన ఇక్కడి నుంచే వచ్చింది. దాన్ని చూసి కాదు, దాని గురించి చదివి. చూడటానికి సక్రమమైన దారి లేదు మరి.

ఎందుకు లేదంటే, హేన్స్ పాటలకు అనుమతి తీసుకోలేదు. రిచర్డ్ కేసు వేశాడు. 1990లో సినిమాను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. క్లినిక్కుల్లో, స్కూళ్లలో మాత్రమే చూపిస్తాను, వచ్చిన డబ్బంతా ఆ జబ్బు మీద పరిశోధనకు ఇచ్చేస్తాను అని హేన్స్ బతిమాలాడు. అదీ కుదరలేదు.

రిచర్డ్‌ని తప్పుపట్టడం నా వల్ల కాదు. చెల్లెలు పోయింది. సినిమాలో తననూ, తల్లిదండ్రులనూ మంచివాళ్లుగా చూపించలేదు. పైగా పాటలు అడక్కుండా వాడారు. చట్టం అతని పక్షాన ఉంది, సగం న్యాయం కూడా ఉంది. కానీ ఆ తర్వాత ఏమైందో చూడండి. సినిమా చావలేదు. ఒక వీడియో క్యాసెట్ నుంచి ఇంకో క్యాసెట్‌కి దొంగచాటుగా ఎక్కుతూ, దృశ్యం మసకబారుతూ బతికింది. ఆ కాపీల వల్ల కుటుంబానికి ఒక్క డాలరు రాలేదు. తమ మాట చెప్పుకునే చోటు కూడా దొరకలేదు. ఇంట్లో ఆడపిల్ల అన్నం ముట్టకపోతే ఏం చేయాలో తెలియని తల్లిదండ్రులకు ఆ సినిమా అందలేదు.

రెండోది 1998లో వచ్చిన 'వెల్వెట్ గోల్డ్‌మైన్'. బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ కాలం మీద, అలాంటి గాయకుడి మీద తీద్దామనుకుంటే, బోవీ తన పాటలు ఇవ్వనన్నాడు. ఇవ్వనని చెప్పాడు, గమనించండి. హేన్స్ ఒక కల్పిత గాయకుణ్ని పెట్టుకుని, వేరే పాటలతో సినిమా పూర్తి చేశాడు. 'వద్దు' అనే మాట కూడా సినిమా తీసేవాడికి పనికొస్తుంది. దాని తర్వాత ఏం చేయాలో వాడికి తెలుస్తుంది.

మూడోది 2007 నాటి 'ఐయామ్ నాట్ దేర్'. అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ జీవితం మీద, ఆయన ఒప్పుకున్నాకే తీసింది. ఒక్క డిలాన్‌ను ఆరుగురు నటులు పంచుకున్నారు. అందులో ఒకరు నల్లజాతి కుర్రాడు. ఇంకొకరు కేట్ బ్లాంచెట్, ఆడమనిషి. ఆరు పాత్రల్లో ఒక్కరి పేరు కూడా డిలాన్ కాదు. మన దగ్గర ఒక పెద్ద గాయకుడి పాత్రను ఆడమనిషి చేత వేయిస్తామంటే ముందు కథ వినేది ఎవరు? బ్లాంచెట్‌కు వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది, ఆస్కార్ నామినేషన్ వచ్చింది. డిలాన్ పరువుకు ఏమీ కాలేదు. 2016లో సాహిత్యానికి నోబెల్ ఇచ్చారు. మొన్న 2024లో రాబీ విలియమ్స్ అనే బ్రిటిష్ గాయకుడు తన జీవిత చిత్రంలో తనను చింపాంజీగా చూపించడానికే ఒప్పుకున్నాడు. ఆ సినిమాకు వసూళ్లు బాగా తక్కువ వచ్చాయి, అది వేరే మాట.

ఇప్పుడు మన ఇంటి సంగతి. త్యాగరాజు మీద ఎవరైనా సినిమా తీయొచ్చు. ఆయన 1847లో వెళ్లిపోయారు, కీర్తనలకు హక్కుదారు లేడు. అందుకే 1946లో నాగయ్యగారు తనే నటించి, దర్శకత్వం చేసి, సంగీతం కూర్చి ఒక త్యాగయ్యను చూపించారు. 1981లో బాపుగారు సోమయాజులుగారితో ఇంకో త్యాగయ్యను చూపించారు. మూడో త్యాగయ్యను రేపు ఒక కాలేజీ కుర్రాడు సెల్‌ఫోన్‌లో తీసినా అడ్డుకునేవాళ్లు లేరు. ఇరవయ్యో శతాబ్దపు గాయకుడి దగ్గరికి వచ్చేసరికి తలుపులు మూసుకుంటాయి.

ఘంటసాలగారినే తీసుకోండి. 1922లో పుట్టుక, విజయనగరంలో మధూకరం చేసుకుంటూ, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని తింటూ, సంగీతం నేర్చుకోవడం, 1942 ఉద్యమంలో జైలు, మద్రాసు, పద్మశ్రీ, 1974లో మరణం. ఈ వరసలో తీస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎవరికీ గుర్తూ ఉండదు. అదే, ఆయన్ని అసలు చూపించకుండా ఆయన గొంతు వినిపించే చోట్లు మాత్రమే చూపిస్తే? పెళ్లి పందిట్లో మైకు. తెల్లవారుజామున గుడి మీద స్పీకరు. రాత్రి డ్యూటీ లారీ క్యాబిన్. వీధి చివర నుంచి ఆ గొంతులో గీత శ్లోకం వినిపించగానే ఎవరు పోయారో అని ఇంటి ముందుకొచ్చి నిలబడే ఆడవాళ్లు, సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లే మగవాళ్లు. తెలుగు నేల మీద చావు కబురు చెప్పే గొంతు ఒక సినిమా గాయకుడిది కావడం మామూలు విషయమా? ఆయన జీవితంలో ఇంతకంటే పెద్ద ఘట్టం ఏముంది? ఏ జీవిత చిత్రమైనా దీన్ని చెప్పాలంటే గొంతు వినిపించాలి. గొంతు మీ బీరువాలో ఉంది.

జీవితం గురించి చెప్పడానికి చట్టం పెద్దగా అడ్డుపడదు. పబ్లిక్ రికార్డుల్లో ఉన్న విషయాలను ఎవరి అనుమతీ లేకుండా ప్రచురించవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే రాజగోపాల్ కేసులో చెప్పింది. పాట దగ్గరే అంతా తికమక. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు, అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. మాటల మీద, బాణీ మీద హక్కు, వాటిని రాసినవారు, కట్టినవారు పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. 'పాతాళ భైరవి' 1951 నాటిది కాబట్టి అప్పటి రికార్డింగ్ మీద హక్కు 2011తో అయిపోయినట్టే. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు, కాబట్టి మాటల మీద 2031 చివరిదాకా ఉంటుంది. బాణీలు ఘంటసాలగారివి, కాబట్టి వాటి మీద 2034 చివరిదాకా ఉంటుంది. ఒకే పాట, మూడు తేదీలు. ఏ ముక్క ఎవరి చేతిలో ఉందో చెప్పే జాబితా జనానికి అందుబాటులో లేదు. బీఏ రెండో సంవత్సరం పిల్ల దీన్ని ఎక్కడ తేల్చుకుంటుంది?

దీనివల్ల ఎవరికి ఏం నష్టమో చెబుతాను.

1. మొదట పిల్లలకు. ఈ ఏడాది మా క్లబ్బులో సంగీతం జోలికి ఎవరూ పోలేదు. దెయ్యం కథలు మూడు వచ్చాయి. "పాటైతే టెన్షన్ సార్, దెయ్యమైతే ఫ్రీ" అన్నాడు ఒకడు.

2. గాయకుడి పక్కన వాయించినవాళ్లకు, కోరస్ పాడినవాళ్లకు జరిగే నష్టం ఇంకా పెద్దది. పాటల రేటు పెద్ద నిర్మాత మాత్రమే కట్టగలిగినంత ఉంటే, గాయకుల జీవితం పెద్ద సినిమాగానే వస్తుంది. పెద్ద సినిమాకు హీరో కావాలి, హీరోకు ఎదుగుదల కావాలి, కన్నీళ్లు కావాలి, క్లైమాక్సులో సన్మానం కావాలి. అందులో వయొలిన్ వాయించినవాడికి చోటు ఎక్కడ? కోరస్‌లో మూడో వరసలో నిలబడి పాడిన ఆవిడకు? ఒకే మైకు చుట్టూ అందరూ నిలబడి, ఒక్కరు తప్పు చేసినా పాట మొత్తం మళ్లీ మొదటి నుంచి అందుకున్న రోజులు అవి. ఆ వాద్యకారుల పేర్లు చాలా సినిమాల టైటిల్స్‌లో లేవు. వాళ్లలో మిగిలినవాళ్లు ఇప్పుడు 80 దాటి ఉంటారు. వాళ్ల గురించి చిన్న సినిమాలే తీయాలి, తీసేది కుర్రాళ్లే. "ఈ పాటలో ఆ వేణువు నాదే" అని ఒక పెద్దాయన కెమెరా ముందు చెబితే, ఆ వేణువు వినిపించకుండా ఆ మాటకు అర్థం ఏముంది? మీ జవాబు కోసం మేం ఏళ్లు ఆగగలం. ఆయన ఆగలేరు.

3. కుటుంబాలకు. ఇది కుటుంబ సభ్యులకే ప్రత్యేకంగా రాస్తున్నాను. పాత ఒప్పందాల్లో హక్కులు చాలావరకు నిర్మాతకు, అక్కడి నుంచి కంపెనీకి వెళ్లిపోయాయి. రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీలో వాటా తప్పనిసరి చేసింది 2012 సవరణ. అంతకు ముందు తరం వారసుల్లో చాలామంది "బాబూ, మాకు ఇష్టమే, పాట మా చేతిలో లేదు" అని చెప్పాల్సిన పరిస్థితి. తండ్రి పాట గురించి మాట్లాడటానికి పిల్లలకే అధికారం లేదు. ఈ విషయంలో మీరూ మేమూ ఒక పక్షమే.

4. వినేవాళ్లకు. సక్రమమైన సినిమాకు పాట దొరకదు కానీ, అరిగిపోయిన కాపీల మీద తప్పు పేర్లు, తప్పు సంవత్సరాలు పెట్టి నడిచే వీడియోలు మాత్రం ఎన్ని కావాలంటే అన్ని. రేపటి తరానికి మిగిలేది వాటిలోని చరిత్రే.

మా కోరికలు ఇవి. పాటలు ఊరికే ఇవ్వమని అడగడం లేదు.

1. అడిగిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. అవును అన్నా, కాదు అన్నా, రేటు ఇంత అన్నా సరే. జవాబు ఇచ్చే మనిషి పేరు, హోదా ఉండాలి. ఏజెంటు ఫోను నంబరు జవాబు కిందికి రాదు.

2. టికెట్ పెట్టని, ప్రకటనలు లేని విద్యార్థి చిత్రాలకు, ఫిలిం సొసైటీల చిత్రాలకు ఒక స్థిరమైన రేటు ప్రకటించండి. నిమిషానికి ఇంత అని అందరికీ కనిపించేలా పెడితే చాలు. కట్టగలిగితే కడతాం, లేకపోతే వేరే దారి చూసుకుంటాం. బేరాలాడే పని మీకూ ఉండదు, మాకూ ఉండదు.

3. మీ దగ్గర ఉన్న పాత పాటల జాబితా, ఏ పాటలో ఏ హక్కు ఎప్పటిదాకా మీదో, బయటపెట్టండి. గడువు తీరిన రికార్డింగుల మీద ఆటోమేటిక్ క్లెయిములు వేయడం ఆపండి.

4. పాట ఇచ్చినంత మాత్రాన కథ దిద్దే అధికారం అడగకండి. అబద్ధం చెబితే, పరువు తీస్తే కోర్టులున్నాయి. తాగేవాడు, అప్పులు చేశాడు, శిష్యుణ్ని పైకి రానివ్వలేదు అని రికార్డుల్లో ఉన్నవి చెబితే మాత్రం ఓర్చుకోండి. మా వైపు నుంచి ఒక మాట ఇస్తాం. సినిమా పూర్తయ్యాక ముందుగా కుటుంబానికే చూపిస్తాం. వాళ్లు ఒప్పుకోని విషయం ఉంటే, వాళ్ల మాటల్లోనే రాసిస్తే సినిమా చివర చేర్చుతాం.

5. ఇది అధికారులకు. చట్టంలో 31డీ సెక్షన్ కింద రేడియోకు, టీవీకి దారి ఉంది. ముందుగా నోటీసిచ్చి, నిర్ణయించిన రేటు కట్టి పాట వేసుకోవచ్చు, కంపెనీ దయ కోసం కూర్చోనక్కర్లేదు. ఇంటర్నెట్‌కు ఆ సెక్షన్ వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు చెప్పింది. వ్యాపారం చేసే స్టేషనుకు ఉన్న వెసులుబాటు, వ్యాపారం చేయని విద్యార్థికి లేదు. తరగతి గదిలో వాడుకోవడానికి, విమర్శకు చట్టం మినహాయింపులిచ్చింది. అలా తీసిన సినిమాను కాలేజీ గేటు దాటించి పోటీకి పంపితే ఆ మినహాయింపు వెంట వస్తుందో లేదో ఏ లాయరూ గట్టిగా చెప్పడు. లాభాపేక్ష లేని చిత్రాలకు, సంగీత చరిత్ర మీద తీసే డాక్యుమెంటరీలకు స్పష్టమైన నిబంధన రాయండి.

6. ఫిలిం చాంబర్ పెద్దలకు, రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలకు: హక్కుదారులను, కుటుంబాలను, చిన్న సినిమాలు తీసేవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టండి. టిఫిన్లు మేం తెచ్చుకుంటాం.

మీకు ఉండే భయం ఒకటి నాకు అర్థమవుతుంది. ఒకరికి ఇస్తే పదిమంది వస్తారు, పోయినవాళ్ల గొంతును ఏఐతో పుట్టించి పాడని పాటలు పాడిస్తారు అని. 2024లో ఒక మహాగాయకుడి కుటుంబం ఈ విషయం మీదే లీగల్ నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. ఆ విషయంలో వాళ్లు చేసింది సరైన పనే. మా సినిమాల్లో ఎవరి గొంతూ అలా తయారు చేయబోమని రాసి సంతకం పెట్టడానికి సిద్ధం. మా సినిమాలోని గాయకుడు పాడిన 40 సెకన్లు చాలు మాకు.

వచ్చే డిసెంబరులో విద్యార్థి చిత్రాల పోటీలకు మా ఎంట్రీలు పంపాలి. నవంబరు నెలాఖరులోగా జవాబు వస్తే బొమ్మల సినిమాలో ఆ పాట చేర్చడానికి మా ఎడిటర్ కుర్రాడికి ఒక రాత్రి చాలు. 'వద్దు' అని వచ్చినా అదే రాత్రి వేరే బాణీ కట్టుకుని పెడతాం.

ఇట్లు,
ఒక కాలేజీ ఫిలిం క్లబ్ నిర్వాహకుడు, క్లబ్ విద్యార్థుల తరఫున
విజయవాడ